మచ్చలేని తోలు

డాక్టరుగారు నన్ను ‘మీరు’ అన్నది పట్టుమని పది నిమిషాలు కూడా కాదు. డెబ్భైల చివర్లో మేము మిషిగన్ వచ్చిన కొత్త. ఒక హైస్కూలు భోజనాల హాల్లో తెలుగువాళ్ళు ఉగాది చేసుకుంటున్నారని తెలిసి నేనూ నా భార్యా వెళ్ళాం. ఆమె నర్సు. ముందు ఆమెకే ఇక్కడ ఉద్యోగం వచ్చింది, ఆమె వెనక నేను వచ్చాను. కాగితం పళ్ళేల్లో పులిహోర పెట్టుకుని ఒక పక్కన నిలబడి ఉంటే, సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దగ్గరికి వచ్చి పలకరించాడు. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. కృష్ణా జిల్లా. ఫార్మింగ్టన్ హిల్స్‌లో సొంత ఇల్లు. ఇవన్నీ నేను అడగకుండానే చెప్పాడు.

“మీదే ఊరండీ?”

“తెనాలి దగ్గరండీ.”

“అలాగా! అటువైపు మాకు బోలెడుమంది చుట్టాలు. మీ నాన్నగారేం చేసేవారు?”

“మిషన్ స్కూల్లో టీచరు.”

“మరి తాతగారు?”

ఆ ప్రశ్న ఎందుకొస్తుందో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మావాళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చాక ‘వ్యవసాయం’ అని చెప్పి ఊరుకుంటారు. నేను వాళ్ళను తప్పుపట్టను కాని, ఆ అలవాటు నాకు లేదు.

“తోళ్ళు ఊనేవాడండీ. మా పెరట్లో లంద తొట్టి ఉండేది. తంగేడు చెక్క వేసిన నీళ్ళలో తోళ్ళు నానబెట్టేవాడు.”

“ఓహో” అన్నాడాయన. ఆ ‘ఓహో’ నేను అంతకుముందు గుంటూరులో విన్నాను, హైదరాబాదులో విన్నాను. సముద్రాలు దాటినా దాని రాగం మారలేదు. వెంటనే తర్వాతి మాటలో, “అయితే నువ్వు ఏం జాబ్ చేస్తున్నావు తమ్ముడూ?” అన్నాడు. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద. ‘నువ్వు’ అనడంలో తప్పేమీ లేదు. కాని ఆ ‘నువ్వు’ నా వయసు చూసి వచ్చింది కాదు.

నేను కార్ల సీట్లు తయారుచేసే ఒక కంపెనీ లాబ్‌లో కెమిస్టుని. రెక్సిన్ ముక్కలూ తోలు ముక్కలూ తీసుకుని వేడి దీపాల కింద ఎండగట్టడం, చలిపెట్టెలో గడ్డకట్టించడం, మరమీద పగిలేదాకా మడతపెట్టడం, ఇదీ నా పని. ఆ సంగతి చెబితే ఆయన తల ఊపాడు. వినలేదని నాకు తెలుసు. ఆయనకు కావలసినది అప్పటికే వినేశాడు.

తర్వాత నాలుగైదేళ్ళు పండగల్లో, పుట్టినరోజుల్లో కనబడుతూనే ఉన్నాం. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు తక్కువ. నచ్చినవాళ్ళనే ఎంచుకుని కలుద్దామంటే ఇంట్లో కూర్చోవాల్సిందే. పైగా నా భార్య పనిచేసే ఆస్పత్రిలోనే ఆయనా పనిచేసేవాడు.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం ఫోన్ చేశాడు.

“తమ్ముడూ, శాటర్‌డే ఫ్రీయేనా? కొత్త ఇంటికి సోఫా తీసుకుంటున్నా. లెదర్‌ది. నువ్వు పక్కనుంటే నన్నెవడూ చీట్ చెయ్యలేడు. ఆ సంగతులు నీకు తెలుసు కదా.”

నేను వస్తానన్నాను. ఫోన్ పెట్టగానే నా భార్య అడిగింది: “ఏ సంగతులంట? లాబ్ సంగతులా, లంద సంగతులా?”

“సోఫా సంగతులు” అన్నాను. ఆమె పెదవి విరిచింది.

ఆ ఫర్నిచర్ షాపు విమానాలు పెట్టుకునేంత పెద్దది. మంచు తొక్కుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఒక సేల్స్‌మాన్ ఎదురొచ్చాడు. వెడల్పాటి టై, పళ్ళన్నీ కనిపించే నవ్వు. డాక్టరుగారు తన పేరుకు ముందు ‘డాక్టర్’ చేర్చి చెప్పగానే ఆ నవ్వు ఇంకా వెడల్పయింది. నేరుగా షాపు నడిబొడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఒక పెద్ద వేదిక మీద, దీపాల కింద, పండిన నేరేడుపండు రంగు సోఫా ఉంది. వీపంతా గుండీలు, చేతుల అంచున ఇత్తడి మేకులు. మీద ఎక్కడా చిన్న గీత లేదు.

సోఫా చేతికి చిన్న గొలుసుతో ఒక ముక్క వేలాడుతోంది. సేల్స్‌మాన్ దాన్ని డాక్టరుగారి చేతికిచ్చి, “వాసన చూడండి సర్” అన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, గుండెల నిండా పీల్చాడు. “ఆహా” అన్నాడు.

ఆ ముక్క నిజమైన తోలే. నేనూ చూశాను. వెనకవైపు నూగునూగుగా, పీచులా ఉంది. కాని సోఫా మీద ఉన్నది అది కాదు. బొటనవేలితో మెత్త మీద నొక్కి చూశాను. తోలయితే నొక్కిన చోటు చుట్టూ సన్నటి ముడతలు పాకుతాయి. ఇది గుంటపడి మళ్ళీ పొంగింది. దగ్గరగా వంగి చూస్తే రంధ్రాల వరసలు అచ్చు వేసినట్టు బెత్తెడు బెత్తెడుకీ తిరిగి మొదలవుతున్నాయి. ఏ గొడ్డు ఒంటి మీదా రంధ్రాలు అంత క్రమశిక్షణగా నిలబడవు. పైగా వెనకవైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా అతుకు లేదు. అంత పొడుగు తోలు రావాలంటే ఏనుగును కొయ్యాలి. చివరికి ఒక మెత్త జిప్పు కొద్దిగా లాగి లోపల చూశాను. తెల్లటి అల్లిక గుడ్డ.

తెలుగులోనే చెప్పాను. “డాక్టరుగారూ, ఆ ముక్క తోలే గాని ఈ సోఫా రెక్సినండీ. వెనక గుడ్డ కనబడుతోంది, చూడండి.”

ఆయన చూడలేదు. “ఇంత రేటు పెట్టి రెక్సిన్ అమ్ముతాడా వీడు? ఇది అమెరికా తమ్ముడూ, మన గవర్నర్‌పేట కాదు” అన్నాడు.

అటు పక్కన, గోడవారగా, ముదురు గోధుమరంగు సోఫా ఒకటి ఉంది. దాని దగ్గరికి తీసుకెళ్ళాను. అది తోలు. చేతి మీద ముళ్ళకంచె గీసుకుపోయిన పొడుగాటి చార. సీటు మీద రెండు మూడు పురుగు కాట్లు. ఒక చోట మెడ ముడతలు అలాగే ఉన్నాయి.

“ఇది కొనండి. మీ మనవల కాలానికీ ఉంటుంది.”

ఆయన ఆ చార మీద వేలు పెట్టి, వెంటనే తీసేసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు. “మచ్చలున్నాయి కదయ్యా!”

“మచ్చలుంటేనే అది ఒకప్పుడు బతికిన జంతువుదని తెలిసేదండీ.”

“ఆ పశువుల గొడవ నాకెందుకు? నాకు నీట్‌గా ఉండాలి. చూడగానే లెదర్‌లా ఉండాలి” అన్నాడు.

ఆ మాటతో ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. ఆయనకు కావలసింది తోలు కాదు, తోలులా ఉండేది. సేల్స్‌మాన్‌కి తెలుగు రాకపోయినా అంతా అర్థమైంది. నావైపు చూసి, “మీ స్నేహితుడికి మంచి టేస్టు ఉంది” అన్నాడు. అబద్ధం అమ్మడం వాడి వృత్తి. వాడిని నేను పెద్దగా అసహ్యించుకోలేదు. కాని, కళ్ళ ముందు పెట్టిన నిజాన్ని చూడకుండా ముఖం తిప్పుకుని అబద్ధానికి చెక్కు రాసిచ్చినవాణ్ణి ఏమనాలి? తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా ఆయన తన టేస్టు గురించే మాట్లాడాడు.

వేసవిలో గృహప్రవేశం విందు. ఊళ్ళో తెలుగువాళ్ళంతా వచ్చారు. సోఫాను ముందు గదిలో, పెద్ద అద్దాల కిటికీకి ఎదురుగా పెట్టారు. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. ప్లాస్టిక్ మురికి కాకుండా మరో ప్లాస్టిక్! దాని మీద కూర్చున్న ఆడవాళ్ళు లేచినప్పుడల్లా చప్పుడు. డాక్టరుగారి భార్య ఆ సాయంత్రం ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు. వంటింట్లోంచి తెచ్చుకున్న చెక్క కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో సుఖమంటే ఏమిటో తెలిసింది ఆవిడొక్కరికే అనుకుంటాను.

భోజనాలయ్యాక డాక్టరుగారు నడి గదిలో నిలబడి సోఫా వీపు మీద చెయ్యి వేశాడు.

“ప్యూర్ ఇటాలియన్ లెదర్. మన తమ్ముడు దగ్గరుండి సెలక్ట్ చేశాడు. ఇంజనీర్లనడిగితే ఏం లాభం? వీళ్ళకైతే తోలు సంగతి పుట్టుకతోనే వస్తుంది!”

నవ్వారు. పీహెచ్‌డీలు నవ్వారు, ప్రొఫెసరు నవ్వాడు, అప్పుడే సిటిజన్‌షిప్ వచ్చిన ఎకౌంటెంటు అందరికన్నా గట్టిగా నవ్వాడు. సమానత్వం గురించి ప్రతి సమావేశంలో ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఐస్‌క్రీమ్ గిన్నెలు చేత్తో పట్టుకుని నవ్వారు. ఒక్కళ్ళ చెంచా కూడా ఆగలేదు.

నా భార్య లేచి నిలబడింది. “అన్నయ్యగారూ, ఈయన సెలక్ట్ చెయ్యలేదండీ. రెక్సిన్, కొనొద్దు అని చెప్పారు. మీరే వినలేదు.”

“జోక్ చేస్తోంది చెల్లెమ్మ” అన్నాడాయన, ముఖం కొంచెం ఎర్రబడి.

నేను వెళ్ళి తొడుగు పక్కకు తీసి, ఒక మెత్త జిప్పు పూర్తిగా లాగి, లోపలి గుడ్డ బయటికి తిప్పి అందరికీ చూపించాను. “తోలుకు వెనక గుడ్డ ఉండదండీ. ఇది గుడ్డ మీద పోసిన ప్లాస్టిక్.”

ఈసారి చెంచాలు ఆగాయి. అందరూ చూశారు. తెల్లటి గుడ్డ, పట్టపగలులా కనబడుతోంది. అప్పుడు ఎకౌంటెంటు గొంతు సవరించుకుని, “అది లైనింగ్ అయుంటుందండీ. కోటుకు లైనింగ్ ఉండదూ?” అన్నాడు.

“యా, యా, లైనింగ్” అన్నాడు ప్రొఫెసరు.

“ఇటాలియన్ వాటికి ఉంటుంది” అంది ఇంకొకావిడ.

అంతే. ఒక్క నిమిషంలో గుడ్డ లైనింగ్ అయిపోయింది, గదిలో గాలి మళ్ళీ ఆడింది. నేను జిప్పు మూసేశాను. నాకు కోపం రాలేదు. అంతకుముందు అప్పుడప్పుడు ఈ మనుషులు నా గురించి ఏమనుకుంటారో అని బెంగ ఉండేది. అది ఆ క్షణంలో పూర్తిగా పోయింది. కళ్ళతో చూసిన గుడ్డను గుడ్డ అనడానికి ధైర్యం చాలనివాళ్ళు నన్ను గొప్పవాడన్నా తక్కువవాడన్నా దానికి విలువేముంది?

కారులో కొంతదూరం వచ్చాక నా భార్య “లైనింగంట” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. రోడ్డు పక్కన కారు ఆపాల్సి వచ్చింది.

రెండు చలికాలాలు గడిచాయి. కిటికీలోంచి వేసవంతా ఎండ, శీతాకాలమంతా అద్దం పక్కనుంచి చలి. లాబ్‌లో నేను చేసే పరీక్షను ఆయన ఇంట్లోనే జరిపించాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అర్జెంటుగా రమ్మన్నాడు. వెళ్ళాను, చూద్దామనే కుతూహలంతోనే వెళ్ళాను.

తొడుగు తీసేసి ఉంది. సీటు మీద ఎండిన చెరువులో బీటల్లా పగుళ్ళు. చేతుల మీద రంగు పొర పెచ్చులు పెచ్చులుగా లేచి, కింది తెల్ల గుడ్డ బయటపడింది. డాక్టరుగారు సిల్కు డ్రెస్సింగ్ గౌనులో, గడ్డం గీసుకోకుండా నిలబడి ఉన్నాడు.

“చూడు తమ్ముడూ ఎంత అన్యాయమో. షాపువాడు వారంటీ లేదంటున్నాడు. నువ్వు ఆ ఫీల్డ్‌లో ఎక్స్‌పర్ట్‌వి కదా, నాతో వచ్చి మేనేజర్‌తో మాట్లాడు.”

ఇన్నాళ్ళకు నేను ఎక్స్‌పర్ట్‌నయ్యాను. “వస్తానండీ” అన్నాను. “తోలు ముక్క చూపించి రెక్సిన్ అంటగట్టారని చెబుతాను. ఆ రోజు నేనక్కడే ఉన్నాను కాబట్టి గట్టిగానే అడుగుతాను.”

ఆయన కంగారుపడ్డాడు. “రెక్సిన్ అనకు! ఇది బయటికి పొక్కితే నలుగురిలో నా పరువేం కాను? లెదరే, కాని క్వాలిటీ తక్కువ, లో గ్రేడ్ అని చెప్పు.”

పెచ్చులు ఊడి గుడ్డ బయటపడ్డ సోఫా పక్కన నిలబడి ఆ మాట అన్నాడు. మోసపోయినందుకు న్యాయం కావాలి, కాని మోసపోయినట్టు ఎవరికీ తెలియకూడదు. అంతమందికి మత్తిచ్చి కోతకు పంపిన మనిషి, తానే ఇంకా మత్తులో ఉన్నాడు.

“నేను రెక్సిన్‌ని తోలు అనలేనండీ” అన్నాను.

“ఒక్క మాట హెల్ప్ చెయ్యలేవా? నేను నిన్ను సొంత తమ్ముడిలా చూశానే!”

“మీరెలా చూశారో నాకు మొదటి రోజే తెలుసండీ” అని చెప్పి కోటు వేసుకున్నాను. తలుపు దాకా నాతో వచ్చింది ఆయన భార్యే. “మీరన్నదే నిజం బాబూ, నాకెప్పుడో తెలుసు” అంది మెల్లగా. ఆవిడకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

షాపువాడు ఏమీ ఇవ్వలేదు. సోఫాను చెత్తబండిలో వేశారు. దాని చోట్లోకి పూల గుడ్డ సోఫా వచ్చింది, ‘లెదర్ ఇప్పుడు అవుటాఫ్ ఫ్యాషన్’ అన్న ప్రకటనతో సహా. ఆ వెనకే ఇంకో మాట మా చెవికి చేరింది: తమ్ముడు తప్పుడు సలహా ఇచ్చి నిండా ముంచాడని. దాన్ని అందరూ నమ్మారు. లైనింగ్‌ను నమ్మినవాళ్ళకు ఇదెంత? కొన్నాళ్ళు మాకు పిలుపులు తగ్గాయి. మా శని ఆదివారాలు మాకు మిగిలాయి.

ఎనభైల చివర్లో డాక్టరుగారు ఫ్లోరిడాకు వెళ్ళిపోతున్నాడని వీడ్కోలు విందు పెట్టారు. ఎందుకో మాకూ కార్డు వచ్చింది. మా తెలుగు ప్రార్థన కూడిక నడిపే పాస్టరుగారికి ఆయన అప్పుడప్పుడు మందుల సాంపిళ్ళు ఇచ్చేవాడు. ఆ కృతజ్ఞతతో కాబోలు పాస్టరుగారు మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

“పాత విషయాలు మనసులో పెట్టుకోకూడదమ్మా. క్షమించి ఒకసారి వెళ్ళి కనబడండి.”

“క్షమించేశాం అయ్యగారూ, ఎప్పుడో” అంది నా భార్య, కాఫీ కప్పు ఆయన చేతికిస్తూ. “భోజనానికి వెళ్ళమని మాత్రం అడక్కండి.”

ఆయన నావైపు చూశారు. నేను చక్కెర సరిపోయిందా అని అడిగాను. విందు రోజున నా భార్యకు డ్యూటీ ఉంది, నేను ఇంటి ముందు గడ్డి కోసుకున్నాను. ఆ తర్వాత డాక్టరుగారిని మేము మళ్ళీ చూడలేదు. వయసు మీదపడితే మనసు మెత్తబడుతుందని అంటారు గాని, ఆయన విషయంలో నాది ఇంతవరకూ మెత్తబడలేదు. అందుకు నాకు విచారమూ లేదు.