పాప తూకంలోంచి తీసిన తరుగు

కరోనాకు ముందటి ఏడు నేను వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో మత్తు విభాగం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నాను. ఆ వానాకాలంలో తొర్రూరు వైపు పత్తి రైతుల ఇంటినుంచి పద్నాలుగు నెలల పాపను తెచ్చారు. పొట్ట బిగిసిపోయింది. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి అందడం లేదు.

స్కానులో కాలేయం కుడి భాగమంతా నీటి గదులున్న గడ్డ కనిపించింది. కాలేయ కాన్సర్‌లో బాగా పెరిగే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష పాప వయసుకు తగ్గట్టే ఉంది. హామార్టోమా కావచ్చన్నారు. అంటే కాలేయపు కణజాలమే దారి తప్పి పెరగడం. అరుదైనదే గానీ కాన్సర్ కాదు. ఖాయంగా తెలిసేది మాత్రం గడ్డ తీసి పరీక్షించాకే.

పాప నానమ్మ మా సర్జన్‌ను నిలదీసింది. “కాన్సర్ కానట్టేనంటిరి గద సారూ, మరి కోసుడెందుకు?”

“పెరుగుతాంది పెద్దమ్మా. ఊపిరికి జాగ లేదు.”

ఆమె నావైపు తిరిగింది. “తూకం నెలనెలా పెరుగుతాంది. చేతి కడియాలేమో జారిపోతానయి. ఇదేం లెక్క?”

నా లెక్కల కాగితం మళ్లీ తీశాను. మత్తుమందు మోతాదు, ఎంత రక్తం పోతే తట్టుకుంటుందన్నదీ అన్నీ పది కిలోల మీద వేశాను. ఆ పది కిలోల్లో గడ్డ బరువూ ఉంది. స్కాను కొలతలతో దాని బరువు కట్టి చూస్తే కిలో పైనే. కిలోకు ఎనభై చొప్పున మిగిలిన పాపలో రక్తం సుమారు ఏడు వందల మిల్లీలీటర్లు, నేననుకున్న ఎనిమిది వందలు కాదు.

లెక్క మార్చానని చెబితే నానమ్మ అంది: “మా పత్తికి తీసే తరుగు పిల్లకు గూడ తీసిండ్రా?” మార్కెట్లో తేమ, చెత్త పేరు చెప్పి పత్తి తూకంలో కోసేసేదే తరుగు.

ఆపరేషన్‌లో రక్తంతో తడిసిన గుడ్డలను తూచి, ఎంత పోయిందో కడతాం. మొత్తంలో ఐదో వంతు పోతే ఎక్కించాలనుకున్నాం. పాత లెక్కకు, కొత్త లెక్కకు మధ్య తేడా ఇరవై మిల్లీలీటర్లు, నాలుగు టీ చెంచాలు. కొత్త లెక్క ప్రకారం హద్దు రాగానే రక్తం మొదలుపెట్టాను. సర్జన్ తలెత్తి, అప్పుడేనా అన్నారు. అప్పుడే అన్నాను.

కాసేపటికి గడ్డను పైకి లేపుతుంటే కాలేయపు సిర ఒకటి చిరిగింది. రక్తాన్ని పీల్చే గొట్టంలోకి అది బుడబుడమని వచ్చింది. బీపీ అంకె పడిపోయి, తర్వాత కనిపించకుండా పోయింది. పాప మెడ దగ్గర నాడి వెతికాను. వేలికి తగులుతున్నది పాప నాడో, నాదో తెలియలేదు. సర్జన్ వేలితో సిరను నొక్కిపట్టి, “ఎక్కిస్తున్నారా?” అని మాత్రం అడిగారు. ముందే మొదలుపెట్టాం గనుక ఎక్కుతూనే ఉంది. అంకె తిరిగి వచ్చేదాకా సిరంజితో రక్తం తోస్తూనే ఉన్నాను.

తీసిన గడ్డను తూచాం. నా అంచనాకన్నా ఎక్కువే తూగింది. పరీక్షలో హామార్టోమాగానే తేలింది. పాప కోలుకుని ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత పొట్టలో పెద్ద గడ్డ ఉన్న ప్రతి బిడ్డకూ గడ్డ బరువు తీసేశాకే మోతాదులు కట్టాను. కాన్సర్ కాదన్న మాట విని ఏనాడూ రక్తం ఒక సంచి తక్కువ తెప్పించలేదు.