నవనీత వెనక్కి తీసుకున్న వార్త

అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బీఏ జర్నలిజం చదివే నవనీతకు ఒకటే పిచ్చి, రిపోర్టర్ కావాలని. ఇంట్లోవాళ్లు వద్దని మొత్తుకున్నా వింటేగా!

ఆ హాస్టల్లో వంటమనిషి యశోదమ్మ. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కడుపునొప్పితో పడిపోతుంటే, గిన్నెలు తోముతూ ఆమే నోరు విప్పింది. "నిన్నటి అన్నం వేన్నీళ్లల్ల కడిగి కొత్తదాంట్ల కలుపమంటడు బిడ్డా, ఓనరు. నా పేరు మాత్రం ఎక్కడ చెప్పకు, నీకు దండం పెడ్త."

"చెప్పనమ్మా" అంది నవనీత. మనస్ఫూర్తిగానే అంది, పాపం.

విద్యార్థులే రాసి అచ్చువేసుకునే క్లాసు పత్రికకు ఆ వార్త ఇస్తే, జర్నలిజం పాఠాలు చెప్పే సుధీంద్ర సారు వెనక్కి తోశారు. "ఎవరన్నారు? పేరు లేకపోతే అది పుకారమ్మా, వార్త కాదు." ఆయన పాఠమే చెప్పారు. కాలేజీ పత్రిక బయట ఎవరు చదువుతారులే అనుకుని, ఈ పిల్లే యశోదమ్మ పేరు రాసేసింది. మొదటి పేజీలో వేశారు. క్లాసంతా చప్పట్లు.

ఎవరో దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. సాయంత్రానికల్లా ఓనరు భానుప్రకాశ్ ఫోన్లో పడింది. మర్నాడు వంటింట్లో యశోదమ్మ లేదు.

కవాడిగూడలో ఆమె గది వెతుక్కుంటూ వెళ్లింది నవనీత. తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది.

"నారాయణగూడ, చిక్కడపల్లి, మెస్సులన్ని తిరిగిన. ఓనరు మీద చెప్పినదాన్ని ఎవరు పెట్టుకుంటరు?" అంది యశోదమ్మ. "నేను గట్ల అనలేదని రాయి బిడ్డా. రాస్తే మల్ల పనికి రమ్మన్నడు."

"నువ్వన్నది నిజమే గదమ్మా!"

"నిజమే. నిజం ఉడుకబెట్టుకొని తింటమా?"

నోటికాడి కూడు లాగేసినవాళ్లకు నీతులు చెప్పే మొహమెక్కడిది? మర్నాడు సారు ముందు నిలబడి, ఆ మాటలు తనే కల్పించానంది.

"నిజంగా ఆమె అనలేదా?"

"అనలేదు సార్."

సారు మొహం నల్లబడింది. "అయితే ఇక నీ వార్త దేన్నీ వేయను. ట్రైనింగ్‌కి పిల్లల్ని పంపమని అడిగే పత్రికలవాళ్లకూ నీ సంగతి చెప్పక తప్పదు."

సవరణ అచ్చయింది. యశోదమ్మ పనిలోకి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం నవనీత కంచం పట్టుకుని వరసలో నిలబడింది. "అబద్ధాల రిపోర్టర్" అని ఎవరో కిసుక్కుమన్నారు. యశోదమ్మ తలెత్తకుండా అన్నం వడ్డించింది. గుప్పుమని అదే పులిసిన వాసన.

"ఎట్లున్నదమ్మా అన్నం?" పక్కనే నిలబడి అడిగాడు భానుప్రకాశ్, అందరికీ వినపడేలా.

నవనీత ఒక ముద్ద మింగింది. "మంచిగున్నది సార్."

వెనక ఉన్న అమ్మాయి తన కంచం ముందుకు చాచింది.