బుద్ధుని ముందు ఈరయ్య రుమాలు

నారాయణఖేడ్‌లో ఆ రోజుల్లో మగవాడు నెత్తిన రుమాలు లేకుండా వీధిలోకి వస్తే, ఎదురైనవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే: "ఎవరు పోయిండ్రు?" సర్కారు కచేరీకైనా పెళ్ళికైనా గుడికైనా తలకు రుమాలు చుట్టుకొని పోవడమే మర్యాద. ఇంట్లో చావు జరిగితేనే అది దిగుతుంది. నిజాం రాజ్యంలో మా దిక్కున పుట్టి పెరిగిన ఈరయ్యకు ఇంకో మర్యాద ఉంటుందని తెలియదు. ఆయన కాశీ పోయినప్పటి సంగతి ఆయన నోట చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ మధ్యలో ఆగి, "నువ్వే చెప్పు, నేను చేసింది తప్పా?" అనేవాడు.

ఈరయ్యకు కొంచెం జొన్నచేను ఉండేది. చేనుపని లేనప్పుడు జగన్నాథ్ పటేల్ బండి తోలేవాడు. ఒక ఏడు పటేల్ తన తల్లి అస్థికలు గంగలో కలపడానికి కాశీకి పోతూ, మూటలు మోయడానికి ఈరయ్యను తోడు రమ్మన్నాడు. ఈరయ్య భార్య రుక్కమ్మ వానాకాలం నుంచి జ్వరంతో మంచంలోనే ఉంది. హకీం ఇచ్చిన పొట్లాలు ఎన్ని మింగినా తగ్గలేదు. ఈరయ్య వెనకాముందు ఆడుతుంటే ఆమే తరిమింది.

"పో. మా అవ్వ ఉన్నది గద నన్ను చూసుకోనీకి. కాశీల ఎంత మంది దేవుళ్ళుంటే అంత మందికి మొక్కు. ఒక్కర్ని గూడ ఇడువకు. నా పానం ఏ దేవుని చేతుల ఉన్నదో ఎవరికెరుక?"

కాశీలో ఆయన ఒక్కరినీ విడవలేదు. గల్లీ మూల గూట్లో ఉన్న వినాయకుణ్ణి కూడా విడవలేదు. ఘాట్ మెట్ల మీద పటేల్ రుమాలు తీసి గుండు చేయించుకుంటుంటే మాత్రం, చూడలేక పక్కకు తిరిగాడు.

మర్నాడు ఎక్కా అనే ఒంటిగుర్రం బండి వాడు వాళ్ళను సారనాథ్ తీసుకుపోయాడు. అక్కడ కొత్తగా కట్టిన బుద్ధుడి గుడి. గడప దగ్గర పసుపుబట్టల భిక్షువు నిలబడి ఉన్నాడు. ఒక భుజం మీద బట్ట లేదు, తల నున్నగా ఉంది. ఈరయ్య చెప్పులు విడిచి, టెంకాయ, బంతిపూలు పట్టుకొని గడప దాటబోయాడు. భిక్షువు తన తల వైపు చేయి చూపి, రుమాలు తీయాలని హిందీలో మెల్లగా చెప్పాడు. కచేరీ చుట్టూ తిరిగి నేర్చిన ఉర్దూ పుణ్యాన ఈరయ్యకు ఆ మాట అర్థమైంది. అర్థమైనందుకే చిక్కు వచ్చిపడింది.

"తీయరాదు సామీ. నా పెండ్లాం బతికే ఉన్నది."

"ఇది ఇక్కడి మర్యాద. ఎవరొచ్చినా తలమీదది తీస్తారు."

ఈరయ్య ఆయన తల వైపు చూశాడు. "మీ ఇంట్ల ఎవరు పోయిండ్రు?"

"నాకు ఇల్లే లేదు," అన్నాడు భిక్షువు.

ఇల్లు లేనివాడికి సూతకం ఎక్కడిది, మరి ఈ గుండు దేనికి?

వెనక నుంచి పటేల్ కేకేశాడు. "నడువ్‌రా! మా అవ్వ కోసం నిన్న తీసిన, ఇయ్యాల మళ్ళ తీయ. గీ దేవుణ్ణి మనూర్ల ఎవడన్న మొక్కుతడా? ఇడిసెయ్."

"ఒక్కర్ని గూడ ఇడువొద్దన్నది పటేలా."

"గట్లయితే తియ్యి."

"తీస్తె దానికి ఏమన్నయితే?"

"గట్లయితే ఇడువు! పొద్దుగూకేదాక గిట్లనే నిలవడతవా, ఎక్కా తోలెటోడు ఊకుంటడా?"

అంతలో ఒకతను భార్యాపిల్లలతో వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకొని, రెండు చేతులా పూలు పట్టుకొని, చప్పుడు చేయకుండా లోపలికి పోయాడు. పిల్ల నవ్వుతోంది. వాళ్ళింట్లో ఎవరూ పోయినట్టు లేదు.

అప్పుడు ఈరయ్యకు తండ్రి గుర్తొచ్చాడు. కరువు వచ్చిన ఏట దొర మనుషులు బాకీ కింద ఎడ్లను తోలుకుపోతుంటే, ఆయన దొర కాళ్ళ ముందు తన రుమాలు పరిచి బతిమాలాడు. అంటే రుమాలు చావుకే కాదు, ఇక వేరే దిక్కు లేనప్పుడు కూడా దిగుతుంది. ఈరయ్య రుమాలు విప్పి, మడతపెట్టి, రెండు అరచేతుల మీద పరిచాడు. పూలు, టెంకాయ దాని మీద పెట్టాడు.

"తీయలే సామీ. పరిచిన," అన్నాడు.

భిక్షువు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

లోపల బంగారు రంగు దేవుడు, కళ్ళు దించి, ఎవరికో లెక్క చెబుతున్నట్టు వేళ్ళు కూర్చి కూర్చున్నాడు. రుమాలు ఆయన ముందు పెట్టి ఈరయ్య టెంకాయ ఎత్తాడు. కొట్టవద్దని భిక్షువు సైగ చేశాడు. గొంతెత్తి పేరు, ఊరు చెప్పబోతే పెదవుల మీద వేలు పెట్టాడు. కొట్టక, చెప్పక, మొక్కు ఎట్లా ముడుతుంది? చేసేది లేక మనసులోనే చెప్పుకొని, చివరికి గుసగుసగా అడిగాడు. "ఇస్తడా?"

"ఈయన ఎవరికీ ఏమీ ఇవ్వడు. దారి చూపిస్తాడు."

"దారి నాకెరుకే సామీ. బీదర్ దాక రైలు, ఆడికెల్లి బండి. నేనడిగింది దాని పానం."

దేవునికి వీపు తిప్పకుండా వెనక్కి అడుగులు వేయమని భిక్షువు చెప్పాడు. ఈరయ్య అట్లాగే నడిచి, గడప తట్టుకొని పటేల్ మీద పడ్డాడు.

రుమాలు మళ్ళీ చుట్టుకున్నాక, తిరుగు రైలంతా ఆయన దాని మీది నుంచి చేయి తీయలేదు. ఇల్లు చేరేసరికి రుక్కమ్మ గొంగడి కప్పుకొని గోడకు ఆనుకొని కూర్చుంది.

"అందరికి మొక్కినవా?"

దాచలేక అంతా చెప్పాడు. ఆమె మొహం ఎర్రబడింది. "నేను బతికుండంగనే రుమాలు తీసినవా?"

"తీయలే. పరిచిన."

"ఆయన ఏమన్నడు మరి?"

"ఎవలకు ఏమియ్యడంట."

"ఏమియ్యనోని ముందల పరిస్తివా!" అని రుక్కమ్మ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వి, గంజి అడిగి తాగింది.

జ్వరం ఎప్పుడు పోయిందో ఇద్దరిలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఆమె ప్రాణం ఏ దేవుడు ఇచ్చాడో అసలే తెలియదు. కానీ ఆ తర్వాత ఏ గుడి ముందైనా ఈరయ్య చేయి రుమాలు దాకా పోయి, అక్కడే ఆగిపోయేది. వెనక నుంచి రుక్కమ్మ కసిరేది.

"తీస్తవా, ఉంచుకుంటవా? జల్దీ తేల్చు, కాళ్ళు కాలుతున్నయి."