కిందికి పిలిచిన సైరన్

సైరన్ మోగినప్పుడల్లా మా ఊరి కుక్కలు కొండ మీదికి పరిగెత్తేవి. మనుషులం మాత్రం కిందికి పరిగెత్తేవాళ్ళం. మొదటిసారి అది చూసి నవ్వాను. ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రాదు.

అరకు నుంచి లోపలికి వచ్చే రోడ్డు మా బడి దగ్గర ఆగిపోతుంది. బడి, దాని ముందు మైదానం ఊరికి అన్నిటికన్నా కింద, గెడ్డ ఒడ్డున ఉంటాయి. గెడ్డంటే మా వాగు. ఇళ్ళు వాలు మీద మూడు గుంపులుగా ఉంటాయి. వాటన్నిటికీ పైన పెద్ద బండ ఒకటి ఉంది. ఊరికి ఏ కబురున్నా ఆ బండ ఎక్కి కేక వేసి చెప్పే మనిషిని బారికి అంటాం. ఇప్పటి బారికి నాకు బావ వరస.

ఒక ఏడు తుపాను వానకి పక్క ఊరి మీద కొండ జారింది. ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. అప్పుడు వచ్చారు పట్నం నుంచి ఫ్యాక్టరీలూ కంపెనీలూ ఉన్నవాళ్ళు, ఏడెనిమిది మంది. డబ్బు పంపించి ఊరుకోలేదు, వాళ్ళే వచ్చారు. వాళ్ళలో పెద్దాయన్ని మేం పెద్దసారు అనేవాళ్ళం. మొదటి రోజు ఆయన బియ్యం బస్తా భుజాన వేసుకుని మోకాళ్ళ లోతు బురదలో నడిచారు. అరచేతులు బొబ్బలెక్కాయి. మా అప్ప, అంటే నా తోడబుట్టిన పెద్దది, చోడి అంబలి ఇస్తే నిలబడే తాగి, ఇంకొంచెం ఉందా అని అడిగారు. ఆయన మంచివారు కాదని నేను ఎక్కడా రాయలేను. రాయగలిగితే ఈ సంగతి ఇంత బరువుగా ఉండేది కాదు.

ఆ తర్వాత ఏడు వాళ్ళు మా మైదానంలో సైరన్ పెట్టించారు. ఎర్ర రంగు స్తంభం, పైన నాలుగు గొట్టాలు, ఎండకి నడిచే పలక, కింద తాళం పెట్టె. పెట్టెలో ఫోనుకుండే సిమ్ లాంటిది కూడా పెట్టారు. వాన హెచ్చరిక వస్తే పట్నంలో తమ ఆఫీసు నుంచి కూడా మోగించవచ్చని పెద్దసారు చెప్పారు. స్తంభాన్ని బండ మీద పెట్టమని బావ అన్నాడు. లారీ బడి దాటి పైకి పోదు గనక అక్కడే పెట్టారు.

"చదవడం వచ్చినవాళ్ళు ఎవరమ్మా?" అని అడిగారు. అంగన్‌వాడీ టీచరు నన్ను ముందుకు తోసింది. యాభై దాటాక ఆ పిల్లే నాకు అక్షరాలు నేర్పింది, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, వాళ్ళ పలకల మీదే. పెద్దసారు చిన్న పుస్తకం ఇచ్చి చదవమన్నారు. కూడబలుక్కుంటూ చదివాను. "సైరన్ మోగిన వెంటనే ఎత్తైన చోటికి వెళ్ళండి." అందరూ చప్పట్లు కొట్టారు. తాళంచెవి నా చేతికిచ్చారు. నల్లతాడుతో నడుముకి కట్టుకున్నాను.

"ఒలే మరదలా, నా పీక కోసి ఆ గుంజకి కట్టీసినారేటే?" అన్నాడు బావ.

"నీ పీకకి కల్లు పొయ్యాల బావా, దీనికి ఎండ సాలు" అన్నాను. అందరూ నవ్వారు, బావ కూడా.

ఆ రోజే ఒకసారి మోగించి చూపించారు. టోపీలు పెట్టుకున్న సార్లు రొప్పుతూ మా వెంట నడిచారు, ఊరంతా బండ ఎక్కింది. అంతా సరిగ్గానే జరిగింది. తర్వాత కిందికి దిగాక, వచ్చిన ప్రతి ఇంటికీ మైదానంలో ఒక దుప్పటి, ఒక బకెట్టు ఇచ్చారు.

రెండు నెలలకి మళ్ళీ పంచే సామాన్లతో లారీ వచ్చింది. మూడు గుంపులకీ తిరిగి జనాన్ని పిలవాలి. నాకు మోకాళ్ళ నొప్పి. బావ సంతకి పోయాడు. పెద్దసారు గడియారం చూసుకుంటున్నారు.

"మోగించనా సార్?" అన్నాను.

ఆ మాట నాదే. ఇంకెవరి మీదా పెట్టను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "మంచి ఐడియా అమ్మా" అన్నారు. మోగించాను. పావుగంట కాకముందే ఊరు ఊరంతా మైదానంలో ఉంది. సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత బేగి జనం కదిలిన ఊరు తాము ఎక్కడా చూడలేదన్నారు. మేం పరిగెత్తి రావడం ఫోనులో వీడియో తీసుకున్నారు. అప్పటినుంచి దీపాల లారీ వచ్చినా, కళ్ళద్దాల డాక్టరు వచ్చినా సైరనే మోగేది.

అందరికన్నా ముందు మా అప్ప వచ్చేది. దానికి చూపు బాగా మందగించింది. మొగుడు పోయాక కింది గుంపులో, గెడ్డ పక్కనే ఒంటరిగా ఒక మేకతో ఉంటుంది. సంచి పట్టుకుని, మోత ఎటు గట్టిగా వినిపిస్తే అటు నడుచుకుంటూ వచ్చి స్తంభం కింద సిమెంటు దిమ్మ మీద కూర్చునేది. అక్కడ కూర్చుంటే వరసలో తనే మొదలు.

"కళ్ళు నేవు గానీ నాకు సెవులున్నాయే" అనేది గొప్పగా.

నెలకి ఒకసారి నొక్కి చూసుకోవాలని పుస్తకంలో ఉంది. ఒక నెల, లారీ ఏదీ లేని రోజు, నొక్కాను. ఎవరైనా బండ వైపు పోతారేమోనని చూశాను. ఒక్కరూ పోలేదు. పొలంలో కలుపు తీసేవాళ్ళు, బాలింతలు, ముసలివాళ్ళు అందరూ సంచులతో దిగారు.

"లారీ ఏదే?" అని అప్ప అడిగింది.

"లారీ నేదప్పా. ఊరికే నొక్కినాను."

"ఊరికేటి? పనీపాటా నేదేటే నీకు? పొయ్యి మీద గంజి వదిలీసి వొచ్చినాను!"

"తాళం సేతికొచ్చింది కదా, ఆడించుకుంటంది" అంది ఇంకొకామె. తిట్టుకుంటూ పోయారు. నేను ఆ మైదానంలో నిలబడి, పక్కన పారుతున్న గెడ్డని చూశాను. అప్పుడు తెలిసింది ఏం చేశానో.

పెద్దసారుకి ఉత్తరం రాశాను. నా బతుకులో మొదటి ఉత్తరం. రెండు రోజులు పట్టింది. "సారు గారికి. సైరన్ మోగితే మా జనం కిందికి వస్తున్నారు. పైకి పోవడం లేదు. నిజం వాన వస్తే చచ్చిపోతారు. తప్పు నాది. దాన్ని పైన పెట్టండి." ఇంతే. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఆయన చేతికే ఇచ్చాను.

ఆయన చదివారు. కళ్ళు చెమర్చాయి. నా భుజం మీద చెయ్యి వేసి అందరి ముందుకీ తీసుకుపోయారు. "ఈ అమ్మ యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకుని రాసిన ఉత్తరం ఇది" అని కాగితాన్ని పైకెత్తి చూపించారు. ఫొటోలు తీశారు. దాన్ని అద్దం కట్టించి ఆఫీసులో పెడతామన్నారు.

"మరి సైరన్ సంగతి సార్?" అన్నాను.

"తప్పకుండా అమ్మా. అందరికీ క్లాసు పెట్టిస్తాను."

మాట తప్పలేదు, క్లాసు పెట్టించారు. ఆ క్లాసుకి జనాన్ని పిలవడానికి సైరనే మోగించారు. వచ్చినవాళ్ళకి బిస్కెట్లు ఇచ్చారు.

ఆ ఏడు వలిసె చేలు పూతకి రాకముందు వాన పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. బడికి సెలవిచ్చారు. నాలుగో రోజు పొద్దున్న బిందె తీసుకుని గెడ్డకి పోయాను. వాన అంతలా పడుతున్నా గెడ్డ సన్నబడిపోయి ఉంది. నిన్న మునిగిన రాళ్ళన్నీ పైకి తేలి ఉన్నాయి. చప్పుడు లేదు. నీళ్ళు తక్కువగా, చిక్కగా, పసుపు ముద్దలా కదులుతున్నాయి.

నా చిన్నప్పుడు ఒకసారి ఇలాగే అయింది. మా అయ్య గెడ్డని చూసి, బిందె అక్కడే పారేయించి, మమ్మల్ని కొండ మీదికి తోలుకుపోయాడు. పైన ఎక్కడో కొండ జారి నీటికి అడ్డం పడిందనీ, అది తెగితే చెట్లతో సహా వస్తుందనీ చెప్పాడు. మధ్యాహ్నానికి వచ్చింది.

బిందె పారేశాను. స్తంభం దగ్గరికి పరిగెత్తి పెట్టె తాళం తీశాను. వేలు మీట మీద పెట్టాను.

నొక్కితే ఊరంతా ఇక్కడికి వస్తుంది. అప్ప అందరికన్నా ముందు వస్తుంది.

తాళం వేసేసి బావ ఇంటికి పోయాను. ఆయన చుట్ట కాలుస్తున్నాడు. "ఏటి మరదలా, ఇన్నాళ్ళకి గేపకం వొచ్చినానా?" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు. గెడ్డ సన్నబడిపోయిందని చెప్పాను. చుట్ట పారేసి బండ మీదికి పోయాడు.

ఆయన కేక వానలోంచి దిగింది. "ఓ... పైకి రండ్రోయ్! గెడ్డ ఆగిపోనాది! పైకి రండ్రోయ్!"

జనం గుమ్మాల్లోంచి తొంగి చూశారు. కేక ఎటు నుంచి వస్తోందో అటు తిరిగారు. చంకల్లో పిల్లలు, గంపల్లో కోళ్ళు, దారి నిండింది. నేను కిందికి పోయి అప్పని లేవదీశాను. మేకని విప్పనిదే కదలనంది. విప్పాం. అది తాడు లాక్కుని ఎటో పోయింది. అప్ప తిట్టుకుంటూ ఎక్కుతోంది.

"పైన ఏటిత్తారే?"

"ఏటీ ఇవ్వరు. నడు."

"ఏటీ ఇవ్వనప్పుడు ఈ వానలో ఎందుకే గుంటా..."

సగం దారిలో ఉన్నాం. సైరన్ మోగింది.

నేను ఆగిపోయాను. తాళంచెవి నా నడుముకే ఉంది, పెట్టె మూసి ఉంది, అయినా మోగుతోంది. పట్నంలో ఎవరో ఫోనులో హెచ్చరిక చూసి, మమ్మల్ని బతికించాలని నొక్కారు.

అప్ప నా చెయ్యి విడిపించుకుంది. "లారీ వొచ్చినాదే!"

పైన దారిలో వాళ్ళు కూడా ఆగారు. బావ అరుస్తూనే ఉన్నాడు కాబోలు, సైరన్ మోతలో ఏమీ వినిపించడం లేదు. ఒకామె వెనక్కి తిరిగింది. ఆమె వెనక ఇద్దరు. నేను చేతులు చాపి దారికి అడ్డం నిలబడ్డాను.

"లారీ కాదు! కిందికి రావద్దు!"

"నువ్వు కాక ఎవులు మోగించినారే? తాళం నీ కాడే కదా?"

"పట్నం నుంచి మోగుతంది!"

"పట్నం నుంచి ఇక్కడ ఎలా మోగుద్ది? సోద్యం సెప్తంది" అన్నారు. నడుముకున్న తాళంచెవిని ఎత్తి చూపించాను. వాళ్ళు నా మొహమూ తాళంచెవీ మార్చి మార్చి చూస్తుండగా వెనక్కి తిరిగి చూశాను. అప్ప లేదు.

ఎప్పుడూ లేనంత వేగంగా దిగుతోంది. మోత దానికి దారి చూపిస్తోంది. మిగతావాళ్ళని అక్కడే వదిలేసి దాని వెనక పరిగెత్తాను. అలా వదిలేయడం తప్పో ఒప్పో ఈనాటికీ నాకు తెలియదు.

నేను చేరేసరికి దిమ్మ మీద కూర్చుని, సంచి విప్పి ఒళ్ళో పరుచుకుని ఉంది. మైదానంలో ఇంకెవరూ లేరు. పక్కన గెడ్డ నోరు లేనట్టు పడి ఉంది. "లెగప్పా" అని లాగితే కదలదు. "నేనే ముందొచ్చినాను. నా జాగా పోద్ది" అంటోంది. పెట్టె తెరిచి మీట నొక్కాను, మళ్ళీ నొక్కాను. ఆగలేదు. నడుముకి ఎప్పుడూ దోపుకునే కొడవలి తీసి, ఎండ పలక నుంచీ పెట్టె నుంచీ వచ్చే వైర్లన్నీ తెగేదాకా కోశాను.

మోత ఆగింది. పై నుంచి బావ గొంతు సన్నగా వినిపించింది. ఆ గొంతుతోపాటు ఇంకేదో ఉందని నాకు తెలియలేదు. అప్పకి తెలిసింది. తల గెడ్డ పైవైపుకి తిప్పి, ఊపిరి బిగబట్టింది.

"ఒలే గుంటా. రాళ్ళు దొర్లుతన్నాయే."

సంచి దిమ్మ మీదే వదిలేసి ఈసారి అదే నా చెయ్యి పట్టుకుంది. చూపు లేని మనిషి నన్ను లాక్కుంటూ బావ గొంతు వైపు ఎక్కింది. దారిలో వెనక్కి తిరిగినవాళ్ళు కూడా మోత ఆగేసరికి పైకే పోతున్నారు. మేం రెండో గుంపు దాటాక కింద బడి వంటపాక విరిగిన చప్పుడు విన్నాను. తిరిగి చూస్తే మైదానం లేదు. ఎర్ర స్తంభం ఒకసారి నిటారుగా తేలి, పడుకుంది. అప్ప ఇల్లున్న చోట చెట్ల వేర్లు పైకి తిరిగి కొట్టుకుపోతున్నాయి.

మనుషులెవరూ పోలేదు. మేక దొరకలేదు.

పదో రోజుకి పెద్దసారు వచ్చారు. అప్ప చేతులు పట్టుకుని ఏడ్చారు. "సరైన సమయానికి మోగించగలిగాం. ఒక్క ప్రాణం పోలేదు" అన్నారు. కెమెరాలు తెచ్చినవాళ్ళకీ అదే చెప్పారు. అప్పుడు ఆయన్ని పక్కకి పిలిచి మొత్తం చెప్పాను. చేతులు కట్టుకుని ఓపిగ్గా విన్నారు. ఇసకలో దొరికిన స్తంభం వైర్లు ఎవరో కోశారని ఇంజినీరు అంటే, నేనే కోశానని చెప్పాను. పెద్దసారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"భయంలో అలా జరుగుతుందమ్మా. మీ తప్పేం లేదు" అన్నారు.

ఇప్పుడు కొత్త సైరన్ వచ్చింది. పాతదానికన్నా పెద్దది, మూడు ఊళ్ళకి వినిపిస్తుంది. లారీ ఇంకా బడి దాటి పోదు గనక దాన్ని ఆ మైదానంలోనే పెట్టారు. వైర్లు ఎవరూ కోయకుండా ఇనుప గొట్టంలోంచి తీసుకుపోయారు. ప్రారంభం రోజున మోగించి కొత్త దుప్పట్లు పంచారు. అప్పకి కింది గుంపులోనే వాళ్ళు కొత్త ఇల్లు కట్టించి ఇచ్చారు, రేకుల పైకప్పుతో, ముద్దుగా ఉంది. తాళంచెవి మళ్ళీ నా నడుముకే ఉంది.

అప్ప ఆ రోజు కొత్త దిమ్మని చేత్తో తడిమి చూసుకుని, "ఇది ఎడల్పుగుంది" అని కూర్చుంది. నేను ఏదో అనబోతే, "ఈసారి గెడ్డ వొత్తే నానే ఇంటాను కదే" అంది. ఆ మోత కింద కూర్చుంటే గెడ్డ వినిపించదని చెప్పాను. నవ్వింది.

మళ్ళీ ఉత్తరం రాయలేదు. అద్దంలో పెట్టడానికి వీలు లేనంత పొడుగ్గా ఇదంతా రాస్తున్నాను. నిన్నటి నుంచి ముసురు పట్టింది. పొద్దున్న గెడ్డకి పోయి చూసి వచ్చాను, నిండుగానే, చప్పుడు చేస్తూనే ఉంది. వస్తూ బావ ఇంటి దగ్గర ఆగాను. అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పండగ వెళ్ళినప్పటి నుంచీ దగ్గు పట్టుకుంది ఆయనకి. నన్ను చూసి ఏదో వేళాకోళం ఆడబోయాడు. నోరు కదిలింది గానీ, గొంతు బయటికి రాలేదు.