అరచేతిలో లాగరు బీరు

అలసినవారిని మోసే దేవునికి స్తోత్రం.

కొవ్వూరు రేవులో పడవ కోసం కాచి కాచి డస్సిపోయాను. పక్కన ఒక బట్లరు రెండు బీరు పెట్టెలతో దిగులుగా కూర్చున్నాడు. లోపలి రంగు కనబడని ఆ ముదురు సీసాల చీటీలు కాలువనీళ్లలో తడిసి ఊడిపోయాయట.

“లేత రంగు లాగరు బీరు మా దొరగారికి, నల్ల లాగరు రాజమండ్రి దొరగారికండి. తారుమారైతే కొలువు పోద్ది. రుచి చూద్దామంటే, తాగనని బాప్తిస్మమప్పుడు సంఘం ముందు మాటిచ్చానండి.”

“నాలిక మీద వేసుకుని ఉమ్మెయ్యవయ్యా,” అన్నాను విసుగ్గా.

అతను నా చేతిలోని బైబిలు చూసి నవ్వాడు. “ఉపదేశిగారై ఉండి అదేంటండి!”

ఒక సీసా బిరడా తీసి అరచేతిలో పోసుకున్నాడు. ముదురు రంగు, మాడిన రొట్టె వాసన.

“ఇది నల్లదండి. సీసా తెరిచినందుకు తిట్లు తింటాను, అంతే.”

గోదావరిలో చెయ్యి కడుక్కున్నాడు.

అలసిపోయి మాట సడలించుకోబోయినప్పుడల్లా నాకు ఆ తడి చెయ్యి గుర్తొస్తుంది. పేరు తెలియని ఆ సహోదరుని కోసం నాతోపాటు మీరూ ప్రార్థించండి.