నలభై దినాలు అరవని టీచరమ్మ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మంచిదాన్ని కావాలనే కోరిక చాలానే ఉండేది. ఆ సంగతి నలుగురికీ తెలియాలనే కోరిక అంతకు రెండింతలు ఉండేది. ఈ రెండోది నన్ను పెట్టిన తిప్పలు తలచుకుంటే ఇప్పటికీ బస్సులో ఒంటరిగా నవ్వుకుంటాను (పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంటుంది). మాది నంద్యాల. ఉద్యోగం ఆళ్లగడ్డలో, ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతికి. పొద్దున్నే శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. నా చదువు చూసి ఉద్యోగమిచ్చారని ఇంట్లో చెప్పుకున్నాను గానీ, నిజానికి గొంతు చూసి ఇచ్చారు. ఇంటర్వ్యూలో హెడ్‌మాస్టరు "యాడ చదివినావమ్మా?" అని అడిగితే నేను చెప్పిన జవాబుకు బయట వరండాలో ఆడుకుంటున్న పిల్లలు వరసలో నిలబడ్డారు. ఆయన రెండో ప్రశ్న అడగలేదు.

మా తరగతికీ పక్క తరగతికీ మధ్య గోడ సగం ఎత్తే ఉండేది. అవతల తెలుగు అయ్యవారు. అహోబిలం అర్చకుల కుటుంబం, నుదుట నామం, మెత్తటి గొంతు. ఆ గొంతు మొదటి బెంచీ దాటేది కాదు. నేను ఇవతల "గమ్మునుండండి!" అని ఒక్క అరుపు అరిస్తే రెండు తరగతులూ కిక్కురుమనేవి కావు. ఆ నిశ్శబ్దంలో ఆయన హాయిగా పద్యం చెప్పుకునేవారు.

ఆ ఏడు భస్మ బుధవారం నాడు చర్చిలో అయ్యగారు (మా పాస్టరుగారిని అలాగే అంటాం) శ్రమ దినాల గురించి చెప్పారు. ప్రభువు పడ్డ శ్రమను తలచుకుంటూ, ఈస్టరు దాకా ఈ నలభై దినాలు మనకిష్టమైనది ఏదో ఒకటి వదులుకోవాలి, ఏం వదులుతున్నారో దేవునికి చెప్పుకోండి అన్నారు. ఆయన దేవునికి చెప్పుకోమన్నారు, స్త్రీల సమాజం నడిపే పెద్దమ్మ మాత్రం లేచి నిలబడి అందరికీ చెప్పమంది. ఒకరు మాంసం అన్నారు, ఒకరు టీ, ఒకరు తలలో పూలు, ఇంకొకరు సాయంత్రం సీరియలు. మా అమ్మ పూటకు పిడికెడు బియ్యం తీసిపెట్టి లేనివాళ్లకు ఇస్తానంది. మా పిన్ని కూతురు కోడికూరతోపాటు గుడ్డు కూడా వదిలేస్తున్నానని చెప్పి, కూర్చుంటూ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపే నా కొంప ముంచింది. దిగ్గున లేచి, "నేను కోపం ఇడిసిపెడతాండా. నలభై దినాలు బడి పిల్లోళ్ల మీద అరవను" అన్నాను. ఆడవాళ్లంతా "ఆహా" అన్నారు. పిన్ని కూతురి ముఖం మాడిపోయింది. నాకు ఈస్టరు ఆ రోజే వచ్చినట్టయింది.

మర్నాడు ఆ గొప్పను తరగతిలో కూడా చెప్పుకున్నాను. మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది, నిద్రలో తప్ప నోరు మూసేది కాదు, అందరం చిలక అనేవాళ్లం. "నిజ్జంగా అరవరా టీచర్? ఏం జేసినా?" అంది. అరవనన్నాను. "కొడ్తారా?" కొట్టనన్నాను. చిలక వెనక్కి తిరిగి, నా మాటలు ఎవరికైనా అర్థం కాలేదేమోనని, "ఒరేయ్, ఏం జేసినా ఏమనదంట!" అని తరగతికంతా వివరించింది.

మొదటి వారంలోనే ఐదో తరగతి సంతయింది. నేను చేతులు కట్టుకుని, చిరునవ్వుతో, చెమటలు కక్కుతూ నిలబడేదాన్ని. రెండో వారంలో నాకొక ఉపాయం తోచింది. మొక్కు అరవననే కదా, రాయనని కాదు కదా! సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'గాడిదల్లారా, కూర్చోండి' అని పెద్దక్షరాలతో రాశాను. పిల్లలు బుద్ధిగా దాన్ని నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. గోడ మీదుగా తొంగిచూసిన అయ్యవారు, "అమ్మా, దస్తూరీ బాగుంది గానీ, కాస్త నోటితో అంటే మా వైపు కూడా పనికొస్తుంది" అన్నారు. పాపం, ఆయన తరగతి కూడా సంతే అయింది. ఎన్నాళ్లని అడిగితే నలభై దినాలన్నాను. ఆయన నామం ముడుతలు పడింది. "మాకు ఏకాదశి ఒక్కరోజుతో పోతుంది కదమ్మా. మీవాళ్లలో కొంచెం తగ్గించుకునే వీలుందా?"

ఆదివారాలు ఆ నలభైలో లెక్కకు రావు. మాంసం వదిలినవాళ్లు ఆదివారం తిని ఊపిరి పీల్చుకునేవాళ్లు. నాకు ఆదివారం బడి లేదు, ఇంట్లో అమ్మ ఉంది. వారం రోజుల అరుపులు ఉప్పు తక్కువైన పప్పు మీద పడేవి. "ఏందిమే ఇది? బడిలో ఇడిసిపెట్టింది ఈడికి మోసుకొస్తాండావా?" అంది అమ్మ. నాయన పేపరు దించకుండానే, "కోపం ఇడిసిందంటివి, యాడ ఇడిసింది? మూటగట్టి పెట్టుకున్యాది" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు ఆయన మీద కూడా అరిచాను.

చివరి వారం ముందు హెడ్‌మాస్టరు పిలిచారు. "సోమవారం కరెస్పాండెంటు వస్తాండాడు. తరగతి గమ్మునుండాల. ఈ రచ్చ ఇట్లే ఉంటే నీకు ఈడ పని ల్యాదమ్మా." ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చేతిలో ఈతమట్ట పట్టుకుని పాడుతున్నా నా మనసంతా ఆ సోమవారం మీదే ఉంది.

సోమవారం పదకొండింటికి వరండాలో చెప్పుల చప్పుడు వినబడుతుండగా చిలక ఆ సగం ఎత్తు గోడ ఎక్కేసింది. ఎవరో విసిరిన దాని పెన్సిలు డబ్బా అవతల పడిందట. గోడ పై వరస ఇటుకలు ఎప్పటినుంచో కదులుతున్నాయి. కింద అవతల విరిగిన ఇనప బెంచీలు. దాని కాలికింద ఇటుక ఒకటి జారడం చూశాను. నాకు శ్రమ దినాలూ మొక్కూ ఏదీ గుర్తు రాలేదు. "కదలొద్దు!" అని ఒక్క కేక పెట్టాను. ముప్పై మూడు దినాలు దాచిన గొంతు అది. చిలక ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. ఇటుక దభీమని బెంచీల మీద పడింది. అయ్యవారు పరుగున వచ్చి పిల్లను చంకల కింద పట్టుకుని దించుకున్నారు. బడి మొత్తం సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర నిలబడ్డ కరెస్పాండెంటు హెడ్‌మాస్టరుతో, "టీచరంటే ఇట్లుండాలప్పా" అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. నాకేమో ఏడుపు ఆగలేదు. పిల్ల బతికిందని కొంత, ఇంకో వారంలో ముగుస్తుందనగా మొక్కు పోయిందని కొంత, పిన్ని కూతురికి తెలిస్తే ఎలాగని మరి కొంత (ఈ మూడోది అప్పుడు ఎవరికీ చెప్పలేదు). మధ్యాహ్నం అన్నం వేళ చిలక వచ్చి కొంగు పట్టుకుంది. "నా వల్లనే గదా టీచర్ మీ మొక్కు ఇరిగిపోయింది. ఇంకెన్ని దినాలుంది?" బడి గురువారం దాకా, శుక్రవారం సెలవు అన్నాను. కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుంది. "ఐతే మూడు దినాలు మీ బదులు నేను చేస్తా. నేను మాట్లాడను" అంది. వాళ్లది క్రైస్తవ కుటుంబం కూడా కాదు.

మంగళ, బుధ, గురువారాలు ఆ పిల్ల నోరు విప్పలేదు. హాజరుకు చెయ్యెత్తింది. పక్కపిల్ల గిల్లితే కళ్లనీళ్లు తెచ్చుకుంది తప్ప మాట్లాడలేదు. అయ్యవారు భయపడి, "పిల్లకు జ్వరమేమో చూడండమ్మా" అన్నారు. అది తనకిష్టమైనదాన్ని వదిలింది, లేచి నిలబడి ఎవరికీ చెప్పలేదు, ఎవరి ముఖమైనా మాడిందా అని చూడలేదు. శుక్రవారం చర్చిలో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ప్రసంగం సాగుతుంటే నాకు మాటిమాటికీ మూతి బిగించుకుని కూర్చున్న ఆ పిల్లే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి అమ్మ చేతిలో చాట తీసుకుని, నేనే పిడికెడు బియ్యం తీశాను.

ఈస్టరు తర్వాత బడి తెరిచిన రోజు చిలక మూడు దినాల మాటలూ ఒక్కసారే చెప్పింది. లెక్కల పీరియడంతా పోయింది. నేను ఆపలేదు.

ఇప్పుడు నా గొంతు బొంగురుపోయింది, అరిచినా మొదటి బెంచీ దాటదు. ఏటా శ్రమ దినాలు రాగానే పిల్లలు "ఈసారి ఏం ఇడిసిపెడతాండారు టీచర్?" అని అడుగుతారు. నవ్వి ఊరుకుంటాను. అందరి ముందూ దిగ్గున లేచి నిలబడిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఇప్పుడు కనబడితే, కోప్పడను గానీ, కొంగు పట్టి మెల్లగా కూర్చోబెడతాను.