గనిలో మా అత్త లంక

మా మేనత్త చనిపోయిందన్న కబురు, పోయిన వారం నేను మొదటి షిఫ్టు ముగించి గని పైకి రాగానే అందింది. ఒంటి మీది మసి కడుక్కోకుండానే వాళ్ల ఊరికి పరుగెత్తాను. ఇది రాస్తే మనసు తేలికవుతుందని నాకేం నమ్మకం లేదు.

గోదావరి నడుమ ఆమెకు చిన్న లంక ఉండేది. ఆమె అత్తింటి తాతల నాటి నుంచి ఖర్బూజ పాదులు పెట్టుకునే చోటు. ఓ మూల గంగమ్మ రాళ్లు. వరద తీశాక ఆ ఏడు మొదటిసారి లంకకు వచ్చినవాళ్లెవరైనా ఒడ్డున ఒక రెల్లు దుబ్బు నాటాకే లోపలికి రావాలి. చుట్టాలనైనా వదిలేది కాదు. పండు కోసం ఆత్రపడుతున్న నా చేతికి పార ఇచ్చి, “ఊకె తిని పోతె ఎట్ల అల్లుడా? జర లంకను నిలబెట్టి పోవాలె” అనేది. కోసినప్పుడు మాత్రం తియ్యటి ముక్కలన్నీ నాకే.

గనికి ఇసుక కావాలని లారీలు ఏట్లోకి దిగిననాడు అత్త ఆ దుబ్బుల ముందు బైఠాయించింది. డ్రైవర్లు బతిమాలారు, బెదిరించారు. కదలలేదు. చివరికి వాళ్లే బండ్లు తిప్పుకుపోయారు.

ఒకనాడు నాకు అంబలి పోస్తూ అడిగింది.

“గంత ఇసుక ఏం జేస్తరు?”

“బొగ్గు తీసినంక ఖాళీ అయితది గద అత్తా. పైకప్పు కూలకుంట అండ్ల నింపుతరు.”

“నువ్వు పనిజేసే కాడ గూడ?”

“ఆఁ, గూడ.”

మర్నాడు అత్త గంగమ్మ రాళ్లను గంపలో పెట్టుకుని లంక దిగి వచ్చేసింది. నేను కంగారుపడితే, “ఇసుకను ఏరు మళ్ల తెస్తది తియ్యి. నిన్ను ఎవలు తెస్తరు?” అంది.

ఆ ఎండాకాలమే లారీలు రెల్లుతో సహా లంకను తవ్వుకుపోయాయి. వరదకు ఏరు ఇసుక తెచ్చింది. పట్టుకునే రెల్లు లేక ఇసుక నిలవలేదు. నేను చెప్పింది నిజమే. ఆ నిజమే ఆమె లంకను మింగిందని ఈ వారమంతా కుమిలిపోతున్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్తే లంక ఉన్న చోట నీళ్లే ఉన్నాయి. ఒడ్డునే విస్తరి వేశాం. కాకి వాలింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం నిమ్మళం కాలేదు.

మర్నాడు డ్యూటీలో, ఆ ఎండాకాలం లంక ఇసుక నింపిన చోట ఆగాను. ఇసుక జారకుండా కట్టిన చెక్కల దడి సందులోంచి రెల్లు వేరు ముక్క ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. టిఫిను డబ్బా తెరిచి ఓ ముద్ద తీసి దాని కింద పెట్టాను. నెత్తి మీద కప్పు కదలకుండా ఉంది. అక్కడికి ఏ పిట్టా రాదు.